చిన్న కమతానికి ట్రాక్టరు: పనిని బట్టి బరువు, బరువును బట్టి బలం

ట్రాక్టరు కొనాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న సాధారణంగా ఎన్ని హార్స్‌పవర్‌ది తీసుకోవాలన్నదే. ఆ ప్రశ్న వరుసలో మూడోదో నాలుగోదో కావాలి. ట్రాక్టరు తనంతట తాను పొలంలో ఏ పనీ చేయదు. దుక్కి దున్నేది నాగలి, మట్టిని గుల్ల చేసేది రోటవేటర్, గడ్డి కోసేది కోత యంత్రం, ఎరువు మోసేది ట్రాలీ. వీటిని లాగడానికో తిప్పడానికో ఎత్తడానికో బండి కావాలి. కాబట్టి ముందుగా ఏయే పనిముట్లు వాడబోతున్నామో రాసుకోవాలి. వాటిలో ఎక్కువ శక్తి కోరేది ఏది, ఎక్కువ బరువున్నది ఏది, అన్నిటికన్నా నెమ్మదిగా నడవాల్సింది ఏది అని గుర్తిస్తే, కొనవలసిన బండి రూపురేఖలు సగానికి పైగా అక్కడే తేలిపోతాయి.

ఆ జాబితాలో ప్రతి పని పక్కన ఏడాదికి ఎన్ని గంటలు పడుతుందో కూడా వేసుకోవాలి. లెక్క సులువే. పనిముట్టు వెడల్పును మీటర్లలో, నడిచే వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని రెండింటినీ గుణించి పదితో భాగిస్తే, గంటకు ఎన్ని హెక్టార్లు పూర్తవుతాయో వస్తుంది. మలుపులకు, ఒక సాలు మీదికి మరో సాలు కొంత ఎక్కడానికి, మధ్యలో ఆగడానికి పోయే సమయం తీసేస్తే అందులో నాలుగింట మూడు వంతులు మిగులుతుందనుకోవచ్చు. 1.2 మీటర్ల రోటవేటర్‌ను గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిపితే కాగితం మీద గంటకు 0.36 హెక్టార్లు వస్తుంది, పొలంలో 0.27 హెక్టార్లు, అంటే ఎకరంలో సుమారు మూడింట రెండు వంతులు తేలుతుంది. ఈ లెక్కన రెండు హెక్టార్ల పొలం ఒక రోజు పని. దాన్ని సగం రోజులో ముగించడం కోసం రెట్టింపు బండి కొనడంలో అర్థం లేదు. అయితే వాన పడ్డాక పదును రెండు మూడు రోజులకు మించి నిలవని నేలల్లో, ఆ గడువులోపు పని ముగిసేంత వెడల్పు పనిముట్టు, దానికి తగిన బండి ఉండాలి. ఏడాది మొత్తం గంటల కన్నా ఆ రెండు మూడు రోజుల గంటలే ఇక్కడ నిర్ణయాత్మకం.

జాబితా పూర్తయ్యాక అసలు ట్రాక్టరు అవసరమేనా అన్నది కూడా ఒకసారి చూసుకోవాలి. కూరగాయల మడులు, కొద్దిపాటి అంతరసేద్యం మాత్రమే ఉన్న అర హెక్టారు చెక్కకు 8 నుంచి 15 హార్స్‌పవర్ల పవర్ టిల్లర్ చాలు. ఏడాదికి ఒక్కసారి చేసే లోతు దుక్కి, నేల చదును వంటి బరువు పనులను అద్దె బండితో చేయించుకుని, వారం వారం ఉండే తేలిక పనులకు సరిపడే బండిని మాత్రమే సొంతం చేసుకోవడం నా దృష్టిలో చిన్న కమతాలకు అన్నిటికన్నా తెలివైన పద్ధతి. ఏడాదికి ఒక్కసారి వచ్చే పని కోసం కొన్న పెద్ద బండి మిగతా రోజులన్నీ అక్కరకు మించిన డీజిలు తాగుతూ, అక్కరకు మించిన బరువుతో నేలను తొక్కుతూ ఉంటుంది.

ఇంజను బలం ఎంత, పనిముట్టుకు చేరేది ఎంత

బండి మీద పెద్ద అక్షరాలతో రాసే అంకె ఇంజను బలం. అదంతా పనిముట్టుకు చేరదు. గేర్లు, పంపులు, బేరింగుల రాపిడికి కొంత పోగా పనిముట్లను తిప్పడానికి బండి వెనక తిరిగే పీటీఓ ఇరుసుకు చేరేది ఇంజను బలంలో 80 నుంచి 90 శాతం వరకు ఉంటుంది. 40 హార్స్‌పవర్ల ఇంజను పీటీఓ దగ్గర సుమారు 34 ఇస్తుందన్నమాట. నాగలిని లాగేటప్పుడు నష్టం ఇంకా ఎక్కువ. చక్రాలు మట్టిలో కొంత జారుతాయి, కొంత దిగబడతాయి. అందువల్ల దున్నిన నేల మీద లాగుడుగా మారేది ఇంజను బలంలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కొన్ని కంపెనీలు బలాన్ని కిలోవాట్లలో ఇస్తాయి. ఒక హార్స్‌పవర్ 0.746 కిలోవాట్లు కాబట్టి, కిలోవాట్ల అంకెను 1.34తో గుణిస్తే హార్స్‌పవర్లు వస్తాయి. రెండు బండ్లను పోల్చేటప్పుడు ఒకదాని ఇంజను అంకెను మరోదాని పీటీఓ అంకెతో పోల్చే పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. రెండింటికీ పీటీఓ అంకెనే అడిగి తీసుకోవాలి.

తిరిగే పనిముట్లకు కావలసిన బలాన్ని వెడల్పును బట్టి అంచనా వేయవచ్చు. గడ్డిని, తుప్పలను నరికే రోటరీ కోత యంత్రానికి అడుగు వెడల్పుకు 5 పీటీఓ హార్స్‌పవర్లు అవసరమని వాడుక లెక్క. అంటే ఐదడుగుల యంత్రానికి 25 కావాలి. రోటవేటర్‌కు మీటరు వెడల్పుకు కనీసం 25 హార్స్‌పవర్ల చొప్పున చూసుకోవడం క్షేమం, గట్టి బంకమట్టిలో లోతుగా తిప్పాలంటే ఇంకా ఎక్కువ కావాలి. లాగే పనిముట్లకు ఇంత తేలికైన లెక్క కుదరదు, ఎందుకంటే ఒకే నాగలికి ఒకే లోతులో ఇసుక నేల కన్నా గట్టి బంకమట్టిలో రెండు మూడు రెట్ల లాగుడు పడుతుంది. పనిముట్టు తయారీదారు సూచించిన బలాల పరిధిని చూసి, బరువు నేలల వాళ్లు ఆ పరిధిలో పై అంచుకు, తేలిక నేలల వాళ్లు కింది అంచుకు దగ్గరగా ఉండటం మంచిది.

డీజిలు ఖర్చును కూడా ఇక్కడే అంచనా వేసుకోవచ్చు. నిండు భారం మీద పనిచేసే మంచి ఇంజను లీటరు డీజిలుతో పీటీఓ దగ్గర సుమారు 3 కిలోవాట్ గంటల పని ఇస్తుంది. పీటీఓ బలం 20 కిలోవాట్లున్న బండిని పూర్తి భారంతో నడిపితే గంటకు ఆరేడు లీటర్లు ఖర్చవుతుంది. ఎత్తైన కొండ ప్రాంతాల వాళ్లు మరో సంగతి చూసుకోవాలి. టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేని ఇంజను ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది.

మార్కెట్లో 25 హార్స్‌పవర్లకు కాస్త లోపు ఆగిపోయే నమూనాలు చాలా కనిపించడానికి కారణం ఉంది. పొగ నియంత్రణ నియమాలు చాలా చోట్ల 19 కిలోవాట్ల దగ్గర గీత గీస్తాయి. 2019లో అమలులోకి వచ్చిన యూరప్ స్టేజ్-5 నియమాలలో మసి కణాల సంఖ్యపై పరిమితి ఆ గీత పైనున్న ఇంజన్లకే వర్తిస్తుంది. దానితో పై తరగతి బండ్లకు పొగగొట్టంలో మసి వడపోత వచ్చింది. ఆ వడపోతలో చేరిన మసిని మధ్యమధ్య అధిక వేడితో కాల్చివేయాలి. రోజూ పది నిమిషాలు మాత్రమే నడిచి ఆగే బండిలో ఆ కాల్చే ప్రక్రియ పూర్తి కాక తరచూ ఇబ్బంది పెడుతుంది. పని గంటలు తక్కువగా ఉన్న చిన్న కమతానికి ఆ గీత కింది బండి ఎంతో నయం.

బరువు

హార్స్‌పవర్ మీద ఉన్నంత శ్రద్ధ బరువు మీద ఉండదు. నా మట్టుకు, దుక్కి పనికి బండి కొనేవారు బరువు పట్టికనే ముందు చూడాలంటాను. బండి మట్టిని పట్టుకుని లాగాలంటే, లాగే చక్రాల మీద బరువు పడాలి. దున్నిన నేల మీద ఆ బరువులో సగానికి మించిన లాగుడును బండి నుంచి ఆశించలేము. 1,200 కిలోల బండికి, 1,800 కిలోల బండికి ఒకే బలమున్న ఇంజను ఉన్నా, నాగలి దించాక రెండోది సాగిపోతుంది, మొదటిది చక్రాలు తిప్పుతూ అక్కడే నిలబడుతుంది. తేలిక బండికీ దాని చోటు దానికుంది. పచ్చిక కోతకు, పండ్ల తోటల్లో చెట్ల నడుమ పనికి, తేమ ఆరని నేలకు తక్కువ బరువే మేలు. తడి నేలను బరువు చక్రాలు తొక్కితే మట్టి రేణువుల మధ్య గాలి సందులు మూసుకుపోయి, వేరు దిగని, నీరు ఇంకని పొర ఏర్పడుతుంది. ఆ నష్టం ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు.

బరువు సరిపోయిందో లేదో కొలిచి తెలుసుకోవచ్చు. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, పనిముట్టును ఎత్తి ఉంచి, టైరు సరిగ్గా పది చుట్లు తిరిగేలోపు బండి ఎంత దూరం నడిచిందో కొలవాలి. తర్వాత అదే నేల మీద పనిముట్టును దించి, పనిచేసే లోతులో నడుపుతూ మళ్లీ పది చుట్లకు కొలవాలి. మొదట 40 మీటర్లు, రెండోసారి 35 మీటర్లు వస్తే చక్రాల జారుడు 12.5 శాతం. ఇది 8 నుంచి 15 మధ్య ఉంటే బరువు సరిగ్గా ఉన్నట్టు. 15 దాటితే టైర్లు, డీజిలు వృథా అవుతున్నాయి. 8 కన్నా బాగా తగ్గితే అక్కర్లేని బరువును మోస్తూ నేలను అణచివేస్తున్నామన్నమాట. ప్రయత్నించి చూడటానికి బండి ఇచ్చే అమ్మకందారు దగ్గర ఈ పరీక్ష చేయడానికి అరగంట కూడా పట్టదు.

చాలినంత బరువు లేని బండికి తరువాత బరువు చేర్చవచ్చు. చక్రాలకు ఇనుప దిమ్మలు బిగించవచ్చు, టైర్లలో ముప్పావు వంతు దాకా నీళ్లు నింపవచ్చు, వెనక బరువైన పనిముట్టు మోసేటప్పుడు ముందు భాగానికి దిమ్మలు తగిలించవచ్చు. నీళ్లు గడ్డకట్టేంత చలి ఉన్నచోట టైర్లలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం వాడతారు, కానీ అది కారితే రిమ్ములను తినేస్తుంది. బండి మొత్తం బరువులో కనీసం 20 శాతం ఎప్పుడూ ముందు చక్రాల మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే స్టీరింగ్ మాట వినదు. ఎక్కువ బరువున్న బండిని తేలిక చేయడం మాత్రం సాధ్యం కాదు కనుక, రెండింటి మధ్య ఊగిసలాడేవారు తేలిక బండిని ఎంచుకుని దిమ్మలు చేర్చుకోవడం మేలు.

చక్రాలు, టైర్లు

నాలుగు చక్రాలూ లాగే బండి, వెనక రెండు చక్రాలే లాగే, అదే బరువున్న బండి కన్నా మెత్తని నేల మీద బాగా లాగుతుంది. ముందు చక్రాల మీది బరువు కూడా లాగడానికి పనికొస్తుంది మరి. వాలు నేలలున్నవారికి దీనివల్ల మరో లాభముంది, దాని గురించి అంతగా చెప్పుకోరు. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువవాటికి బ్రేకులు వెనక ఇరుసుకే ఉంటాయి. నాలుగు చక్రాల గేరు వేసి ఉంచితే ఆ బ్రేకు ముందు చక్రాలకూ అందుతుంది. ముందు లోడరులో, అంటే ముందు బిగించిన ఎత్తుడు బకెట్‌లో, బరువు ఎత్తి, వెనక భాగం తేలికై, పల్లంలోకి దిగుతున్న బండిని ఆపగలిగేది అదే. చదునైన మెట్ట నేల, తేలిక పనులు, విశాలమైన మలుపులు ఉన్నచోట రెండు చక్రాల బండి చాలు. దాని ముందు ఇరుసులో గేర్లు, సీళ్లు ఉండవు కనుక మరమ్మతులూ తక్కువే. నాలుగు చక్రాల బండిలో ముందు చక్రాలు నేల మీద వెనకవాటి కన్నా కాస్త వేగంగా తిరిగేలా అమరిక ఉంటుంది. అందుచేత గట్టి రోడ్డు మీద ఆ గేరు తీసివేయాలి, టైర్లు మార్చినప్పుడు ముందు, వెనక కొలతల పొత్తు చెడకూడదు.

దుక్కికి లోతైన పట్టీలున్న ఆర్-1 రకం టైర్లు కావాలి. పచ్చిక చెడకూడదంటే చదునైన ఆర్-3, లోడరు పనులు, గట్టి ఆవరణలు ఎక్కువైతే రెండింటి మధ్యస్థమైన ఆర్-4. వరి మడుల బురదకు మరింత లోతైన పట్టీల టైర్లు, ఇనుప చక్రాలు వేరే ఉన్నాయి. ఆ పని చేసే బండికి ఇరుసుల సీళ్లు, బ్రేకులు నీటిని తట్టుకునేవి కావాలి.

గేర్లు, క్లచ్, పీటీఓ

ఎన్ని గేర్లున్నాయన్నదాని కన్నా ఏయే వేగాలకు ఉన్నాయన్నది ముఖ్యం. బండితో వచ్చే పుస్తకంలో ప్రతి గేరుకు వేగం రాసి ఉంటుంది. పొలం పనులు ఎక్కువగా గంటకు 3 నుంచి 10 కిలోమీటర్ల మధ్య సాగుతాయి కాబట్టి ఆ పరిధిలో కనీసం నాలుగు గేర్లు ఉండాలి. పన్నెండు గేర్లున్నా వాటిలో సగం రోడ్డు వేగాలకే ఉంటే పొలంలో ప్రయోజనం లేదు. ఇక రోటవేటర్ వాడేవారు మరో ప్రశ్న వేసుకోవాలి. పీటీఓ 540 చుట్లు తిరిగే ఇంజను వేగం వద్ద మొదటి గేరులో బండి ఎంత వేగంగా నడుస్తుంది? అది గంటకు 2 కిలోమీటర్లకు మించితే గట్టి నేలలో మట్టి సరిగా గుల్ల కాకుండానే బండి ముందుకు తోసుకుపోతుంది. నాట్లు వేసే యంత్రాలు, కందకాలు తీసే యంత్రాలు వాడాలంటే గంటకు కిలోమీటరు లోపు నడిచే క్రీపర్ గేరు అవసరం.

గేరు మార్పిడిలో మూడు పద్ధతులు సాధారణం. పాత పద్ధతి గేర్లలో బండి ఆపే మార్చాలి, కానీ అవి సరళం, చవక, ఏ మెకానిక్ అయినా బాగుచేయగలడు. షటిల్ గేరు ఉన్న బండి ముందుకు, వెనక్కు ఒకే మీటతో మారుతుంది. లోడరు పనికి, ఇరుకు మలుపులకు ఆ సౌకర్యం చాలా విలువైనది. నూనె పంపు ఒత్తిడితో చక్రాలను తిప్పే హైడ్రోస్టాటిక్ బండిలో కాలి పెడల్‌ను తొక్కినకొద్దీ వేగం మారుతుంది, క్లచ్ తొక్కే పనే తక్కువ. కోతకు, లోడరుకు, కొత్తగా నేర్చుకునేవారికి అంత హాయి మరొకటి లేదు. అయితే ఆ నూనె పంపులో బలం కొంత వేడిగా పోతుంది కనుక గంటల తరబడి నాగలి లాగే పనికి గేరు బండే మేలు.

క్లచ్ విషయంలో రాజీ పడకూడదు. ఒకే క్లచ్ ఉన్న బండిలో పెడల్ తొక్కితే చక్రాలూ పీటీఓ రెండూ ఆగుతాయి. గడ్డి దట్టమై కోత యంత్రం ఇరుక్కున్నప్పుడు, బండిని ఆపి యంత్రాన్ని తిరగనిస్తే అది తనంతట తాను తేరుకుంటుంది. ఒకే క్లచ్‌తో అది కుదరదు. డ్యూయల్ క్లచ్‌లో పెడల్‌ను సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. స్వతంత్ర పీటీఓకు వేరే మీట ఉంటుంది, అది అన్నిటికన్నా ఉత్తమం. పాత సింగిల్ క్లచ్ బండికి బరువైన కోత యంత్రం తగిలిస్తే మరో అపాయముంది. క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బ్లేళ్ల ఊపు పీటీఓ ద్వారా గేర్‌బాక్స్‌లోకి వెనక్కు వచ్చి బండిని ముందుకే తోస్తుంది. అటువంటి బండికి ఒకే దిశలో పట్టే ఓవర్‌రన్నింగ్ క్లచ్ ముక్కను పీటీఓ ఇరుసుకు తప్పక అమర్చాలి.

పీటీఓ వేగం దాదాపు అన్ని చిన్న పనిముట్లకూ నిమిషానికి 540 చుట్లే. ఇరుసు 35 మిల్లీమీటర్ల వ్యాసం, ఆరు పళ్లతో ఉంటుంది. ఎకానమీ పీటీఓ ఉన్న బండి అదే 540ని తక్కువ ఇంజను వేగంతో ఇస్తుంది కనుక మందు పిచికారీ, నీటి పంపు వంటి తేలిక పనుల్లో డీజిలు మిగులుతుంది.

లింకులు, లిఫ్టు, లోడరు

మూడు లింకులతో పనిముట్టును బండికి కలిపే పద్ధతిని హ్యారీ ఫెర్గూసన్ రూపొందించాడు. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. టన్నుకు కాస్త మించిన బరువున్న ఆ బండి తన స్థాయికి మించిన దుక్కి చేయగలిగిందంటే, నాగలికి తగిలే నేల నిరోధం లింకుల ద్వారా వెనక చక్రాల మీద బరువుగా మారడమే కారణం. నేటి బండ్లలో డ్రాఫ్ట్ కంట్రోల్ మీట చేసేది ఆ పనే. లాగుడు పెరిగినప్పుడు పనిముట్టును కాస్త ఎత్తి, తగ్గినప్పుడు దించుతుంది. పొజిషన్ కంట్రోల్ పనిముట్టును పెట్టిన ఎత్తులోనే ఉంచుతుంది. నాగలి, గొర్రు లాగేవారికి రెండూ కావాలి. కోతకు, పిచికారీకి మాత్రమే వాడేవారికి రెండోది చాలు.

లింకుల పరిమాణాన్ని కేటగిరీలుగా చెబుతారు. కేటగిరీ 1లో కింది లింకు పిన్ను 22 మిల్లీమీటర్లు, పైనుండే మూడో లింకు, అంటే టాప్ లింక్, పిన్ను 19 మిల్లీమీటర్లు. కేటగిరీ 2లో అవి 28, 25. మరీ చిన్న బండ్లకు కేటగిరీ 0 ఉంటుంది. దానికి పనిముట్లు దొరకడం, తరువాత అమ్ముకోవడం రెండూ కష్టం. కనుక వీలైతే కేటగిరీ 1 కన్నా తగ్గకపోవడమే మంచిది.

లిఫ్టు సామర్థ్యాన్ని రెండు చోట్ల కొలుస్తారు, లింకుల కొనల దగ్గర ఒకటి, అక్కడికి 610 మిల్లీమీటర్ల వెనక మరొకటి. పనిముట్టు బరువు కేంద్రం ఎప్పుడూ లింకుల కొనలకు వెనకే ఉంటుంది కాబట్టి నిజానికి దగ్గరగా ఉండేది రెండో అంకె. అది మొదటిదాని కన్నా బాగా తక్కువ. కరపత్రంలో పెద్ద అంకె ఒక్కటే కనిపిస్తే అది ఎక్కడ కొలిచినదో అడగాలి.

లోడరు వద్దనుకున్నా, చేతి పార పని ఎంత తప్పుతుందో చూశాక దాదాపు అందరూ కోరుకుంటారు. తరువాత బిగించుకునే వీలున్న బండినే ఎంచుకుంటే పోయేదేమీ లేదు. లోడరు పెట్టాలంటే పవర్ స్టీరింగ్, దృఢమైన ముందు ఇరుసు, వెనక ఎదురు బరువు తప్పనిసరి. బకెట్‌ను కిందికి దించి ఉంచి మాత్రమే బండి నడపాలి.

బండి కొలతలను ఇంటి కొలతలతో పోల్చుకోవడం చిన్న విషయమే అయినా మరిచిపోయేవారు ఎక్కువ. గేటు వెడల్పు, కొట్టం ఎత్తు, చెట్ల కొమ్మలు, గట్ల మధ్య మలుపు చోటు, సాళ్ల మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకుని వెళ్లాలి. సాళ్ల మధ్య పనిచేయాలంటే చక్రాల ఎడం మార్చుకునే వీలుండాలి, పొట్ట కింద ఎత్తు చాలాలి.

బోల్తా ప్రమాదం

ట్రాక్టర్ల వల్ల జరిగే మరణాల్లో బోల్తా పడటమే ప్రధాన కారణం. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసింది, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. సీటు వెనక నిలబడే ఆ రోల్ బార్, దానితో పాటు సీటు బెల్టు లేని బండిని ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు, తీసుకుంటే బిగించిన తరువాతే పొలంలోకి దింపాలి. రోల్ బార్ నిలబెట్టి ఉన్నంతసేపూ బెల్టు పెట్టుకోవాలి. కొమ్మల కింద పనికి దాన్ని మడిచినప్పుడు మాత్రం బెల్టు తీసివేయాలి, లేకపోతే బోల్తాలో తప్పించుకునే దారే ఉండదు. లాగే గొలుసును బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసుకో టాప్ లింక్ చోటికో కట్టి మొద్దును లాగితే ముందు చక్రాలు లేచి, రెండు సెకన్లు కూడా గడవకముందే బండి వెనక్కి తిరగబడుతుంది. పీటీఓ సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని మీది కవచం పగలకుండా ఉందా లేదా అన్నది కొనేనాడే చూడాలి.

పాత బండిని పరీక్షించడం

చిన్న కమతానికి మంచి పాత బండి చాలాసార్లు కొత్తదాని కన్నా సరైన ఎంపిక. ఏడాదికి తక్కువ గంటలు నడిచే బండికి, తొలి ఏళ్లలో పడే విలువ నష్టాన్ని మొదటి యజమానే భరించి ఉండటం లాభం. చూడటానికి వెళ్లేముందు ఇంజను వేడెక్కించవద్దని చెప్పి వెళ్లాలి, వెళ్లగానే ఇంజను మీద చెయ్యి వేసి చూడాలి. చల్లగా ఉన్న ఇంజను ఎంత తేలిగ్గా మొదలవుతుందో చూస్తే లోపలి అరుగుదల చాలావరకు తెలుస్తుంది. మొదట్లో కాస్త తెల్లపొగ సహజమే. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంధనం సరిగా మండటం లేదు, లేదా నీళ్లు లోపలికి పోతున్నాయి. నీలిపొగ ఇంజను ఆయిల్ మండుతోందనడానికి గుర్తు. భారం మీద నల్లపొగ ఆగకుండా వస్తుంటే గాలి చాలడం లేదు, లేదా ఇంధనం ఎక్కువవుతోంది. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడి నుంచి పొగ జోరుగా తన్నుకొస్తుంటే రింగులు అరిగినట్టే. ఆయిల్ కొలిచే పుల్ల మీద పాలలాంటి తెలుపు కనిపిస్తే నీళ్లు కలిశాయి, అలాంటి బండిని వదిలేయడమే ఉత్తమం.

గంటల మీటరును ఒక్కదాన్నే నమ్మకూడదు. పాత యాంత్రిక మీటర్లు ఇంజను ఒక నిర్ణీత వేగంతో తిరిగినప్పుడే గంటను గంటగా లెక్కిస్తాయి, నెమ్మదిగా తిరిగితే తక్కువగా చూపిస్తాయి. మీటరును మార్చి ఉండవచ్చు కూడా. క్లచ్, బ్రేకు పెడళ్ల మీది రబ్బరు అరుగుదల, సీటు, స్టీరింగ్, డ్రాబార్ రంధ్రం సాగిన తీరు మీటరు చెప్పే కథతో సరిపోలాలి. వెయ్యి గంటల బండికి పెడల్ లోహం నునుపుగా మెరుస్తుంటే ఆ కథను అనుమానించాల్సిందే.

తరువాత వెనక బరువైన పనిముట్టు ఎత్తి ఇంజను ఆపాలి. కొద్ది నిమిషాల్లోనే అది కిందికి జారిపోతే సిలిండర్ సీళ్లో వాల్వులో పోయినట్టు. ముందు భాగాన్ని జాకీతో ఎత్తి చక్రాలను చేత్తో అటూ ఇటూ కదిపితే కింగ్ పిన్నులు (ముందు చక్రాలు మలుపు తిరిగే నిలువు పిన్నులు), బేరింగుల వదులు చేతికే తెలుస్తుంది. ప్రతి గేరులోనూ నడపాలి, భారం మీద గేరు జారి బయటికి వస్తుందేమో చూడాలి. రెండు బ్రేకులను విడివిడిగా తొక్కి, రెండు వైపులా సమానంగా పట్టుతున్నాయో లేదో చూసుకోవాలి. ఇంజనుకు గేర్‌బాక్స్‌కు మధ్యనున్న క్లచ్ హౌసింగ్ మీద వెల్డింగ్ గుర్తులుంటే, లోడరుతో మితిమీరిన పని చేయించారనుకోవచ్చు. క్లచ్ ప్లేట్లు మార్చాలంటే చాలా బండ్లను రెండుగా విడదీయాలి. ప్లేట్ల ధర కన్నా ఆ కూలే ఎక్కువ అవుతుంది కనుక, క్లచ్ జారుతుంటే దాన్ని ధరలో తగ్గించి అడగాలి. వెనక టైర్లు కూడా పెద్ద ఖర్చే. పట్టీలు సగం అరిగి, పక్కగోడలు పగుళ్లు వారి ఉంటే ఆ లెక్కా వేసుకోవాలి. కొత్త రంగు పూసిన బండిలో రంగు కింద ఏముందో, నూనె కారిన చోట్లను మూశారేమో ఒకటికి రెండుసార్లు చూడాలి. చివరగా ఇంజను, ఛాసిస్ నంబర్లు కాగితాల్లోని వాటితో అక్షరం అక్షరం కలవాలి.

కొనేముందు, కొన్న తర్వాత

విడి భాగాలు దొరకడం, దగ్గరలో తెలిసిన మెకానిక్ ఉండటం బండి గొప్పదనం కన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. పదును ఉన్న రోజున ఒక చిన్న సీలు కోసం పది రోజులు ఆగిన బండి ఎంత మంచిదైనా పనికిరాదు. ఫిల్టరు, క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు, ఈ మూడూ నిల్వ ఉన్నాయా, లేకపోతే ఎన్నాళ్లకు తెప్పిస్తారు అని విడి భాగాల కౌంటరులో అడిగితే వచ్చే జవాబు చాలా సంగతులు చెబుతుంది. స్వతంత్ర పరీక్షా నివేదికలున్న నమూనాలకు వాటిని తెప్పించుకుని చదవాలి. అమెరికాలోని నెబ్రాస్కాలో 1920 నుంచి ఇటువంటి పరీక్షలు జరుగుతున్నాయి, అనేక దేశాలు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ట్రాక్టర్ కోడ్‌ల ప్రకారం పరీక్షిస్తాయి. పీటీఓ బలం, డీజిలు ఖర్చు, లిఫ్టు సామర్థ్యం, దిమ్మలతోనూ లేకుండానూ బరువు వాటిలో ఉంటాయి.

ధర మాట్లాడేటప్పుడు బండినీ, జాబితాలో మొదట రాసుకున్న పనిముట్లనూ కలిపి బడ్జెటు వేసుకోవాలి. డబ్బంతా బండికే పెట్టి, అరువు పనిముట్లతో నెట్టుకొచ్చేవారు ఎక్కువ. కొంచెం చిన్న బండి, దానికి సరిగ్గా కుదిరే మూడు సొంత పనిముట్లు ఉన్నవారి పని సమయానికి సాగుతుంది.

కొత్త బండి అయితే తొలి 50 గంటలు దాన్ని నిండు భారంతో గానీ, ఖాళీగా గంటల తరబడి నెమ్మదిగా గానీ తిప్పకుండా, వేగాలు, భారాలు మారుస్తూ నడపాలి. చక్రాల నట్లు మొదటి కొద్ది గంటల్లోనే వదులవుతాయి కనుక మొదటి రోజు పని ముగిశాక ఒకసారి, ఆ తరువాత కొన్ని రోజులపాటు ప్రతి ఉదయం బిగించి చూడాలి. 50 గంటల దగ్గర ఇంజను ఆయిల్, దాని ఫిల్టరు మార్పించాలి. చాలా కంపెనీలు హైడ్రాలిక్ ఫిల్టరును కూడా అప్పుడే మార్చమంటాయి, ఎందుకంటే కొత్త గేర్లు ఒరిపిడిలో రాల్చే సన్నని లోహపు పొడి అంతా అందులోనే చేరుతుంది. పాత బండి అయితే అమ్మినవారు ఎప్పుడు మార్చామని చెప్పినా సరే, ఇంటికి తెచ్చిన వారంలోనే ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంట్ మార్చి, ఆ రోజు మీటరు అంకెను పుస్తకంలో రాసుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.